గుర్తింపు లేని ప్రభుత్వానికి అధ్యక్షుడు – రాజా మహేంద్ర ప్రతాప్



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు గాంధీగారు, ప్రకాశం పంతులు గారు, నేతాజీ వంటి పేర్లే ముందుగా మనసులో మెదిలాయి. వారి గురించి మన సంచికల్లో ఇదివరకే చాలా వచ్చింది. డిసెంబరు నెలకు తగినట్లు మరొకరిని ఎంచుకుందామనిపించింది. డిసెంబరు 17 మన పెన్షనర్ల దినమని అందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే పెన్షను దయాధర్మం కాదు, హక్కు అన్న మాట నిలబడింది. అదే డిసెంబరు 1వ తేదీకి మరొక విశేషం ఉంది. 1915లో ఆ రోజున కాబూలు నగరంలో స్వతంత్ర భారత తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు రాజా మహేంద్ర ప్రతాప్. ఆయన పుట్టినరోజు కూడా అదే.

నేను ముప్పై అయిదేళ్ళు సర్కారు కొలువులో గుమాస్తాగా కాగితాలు తిరగేసినవాణ్ణి. తపాలు విప్పడం, నంబరు వేయడం, నోటు పెట్టడం, ఫెయిర్ కాపీ తీయించడం – ఇదే నా లోకం. అందువల్లనే నేమో, భూమి లేదు, ఖజానా లేదు, ఏ దేశపు గుర్తింపూ లేదు, అయినా మంత్రులను నియమించి, ముద్రలు వేసి, చక్రవర్తులకు ఉత్తరాలు పంపిన ఆ ప్రభుత్వం నన్ను బాగా ఆకర్షించింది. దాని కథే ఆయన జీవిత కథ.

బాల్యము, చదువు

మహేంద్ర ప్రతాప్ 1886 డిసెంబరు 1న నేటి ఉత్తరప్రదేశ్‌లోని హాథ్రస్ ప్రాంతంలో ముర్సాన్ సంస్థానాధిపతి రాజా ఘనశ్యామ్ సింగ్ గారికి మూడవ కుమారుడిగా జన్మించారు. హాథ్రస్ రాజా హరనారాయణ్ సింగ్ గారు ఆయనను దత్తత తీసుకున్నారు. జాట్ హిందూ కుటుంబంలో పుట్టిన ఈ పిల్లవాడిని చదువుకు పంపింది అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీకి. 1920లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంగా మారినది అదే. అక్కడ ముస్లిం స్నేహితుల మధ్య పెరిగినందువల్ల కాబోలు, మతం పేరుతో మనుషులను వేరుచేసి చూడడం ఆయనకు జీవితాంతం అలవడలేదు. డిగ్రీ పూర్తి కాకుండానే కాలేజీ విడిచిపెట్టారు.

విద్యార్థిగా ఉండగానే 1902లో జీంద్ సిక్కు రాజకుటుంబానికి చెందిన బల్వీర్ కౌర్ గారితో వివాహం జరిగింది. 1906లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వెళ్ళవద్దని మామగారు గట్టిగా అడ్డుపడ్డా వినకుండా వెళ్ళారు. స్వదేశీ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. మరుసటి ఏడు భార్యతో కలిసి ప్రపంచ యాత్ర చేసి వచ్చారు. పాశ్చాత్య దేశాల బలం చేతిపనుల చదువులో, యంత్రవిద్యలో ఉందని గ్రహించి, 1909లో బృందావనంలో ప్రేమ్ మహావిద్యాలయం అనే వృత్తివిద్యాలయాన్ని స్థాపించారు. దానికి తన భవనాన్నీ, కొన్ని గ్రామాల ఆదాయాన్నీ రాసి ఇచ్చారు. 1911 ప్రాంతంలో అంటరానివారిగా చూడబడేవారి ఇళ్ళలో కూర్చుని భోజనం చేసి బంధువుల ఆగ్రహానికి గురయ్యారు. ఒక జమీందారు ఆ రోజుల్లో ఇలాంటి పని చేయడమంటే సామాన్యం కాదు.

దేశం విడిచిన రోజు

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లండుకు శత్రువైన జర్మనీ సహాయంతో దేశాన్ని విడిపించవచ్చని ప్రవాసంలో ఉన్న మన విప్లవకారులు తలచారు. ఆ ఏడాది డిసెంబరులో మహేంద్ర ప్రతాప్ ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు. ఇంట్లో భార్య, అయిదేళ్ళ కూతురు భక్తి, పసివాడైన కొడుకు ప్రేమ్. కొద్ది నెలల్లో తిరిగి వస్తారని వారు అనుకొని ఉంటారు.

స్విట్జర్లండు చేరిన ఆయనను బెర్లినుకు రప్పించిన వ్యక్తి మనకు దగ్గరవాడు. సరోజినీ నాయుడు గారి తమ్ముడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. ఈయన 1880లో హైదరాబాదులో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ గారు నిజాం కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసిన పండితుడు. మన హైదరాబాదు వీధుల్లో పెరిగిన ఆ వీరేంద్రనాథ్ బెర్లిన్ కమిటీకి ప్రాణం. ఇక అమెరికాలో మొదలైన గదర్ పార్టీలో మన దరిశి చెంచయ్య గారు చేరి జైలు పాలైన సంగతి పాతతరం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఈ బెర్లిన్ కమిటీ, గదర్ పార్టీ కలిసి పనిచేసేవి.

బెర్లినులో జర్మన్ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్ స్వయంగా మహేంద్ర ప్రతాప్‌ను కలుసుకున్నాడు. అఫ్గానిస్తాన్ అమీరును యుద్ధంలోకి దింపితే, వాయవ్య సరిహద్దు నుండి బ్రిటిషువారి మీద దాడి చేయవచ్చని పథకం. 1915 ఏప్రిల్‌లో రాయబార బృందం బెర్లిను నుండి బయలుదేరింది. జర్మన్ దౌత్యాధికారి వెర్నర్ ఓటో ఫాన్ హెంటిగ్, సైనికాధికారి నీడర్‌మేయర్, భోపాల్ వాస్తవ్యుడైన మౌలవీ బర్కతుల్లా అందులో ముఖ్యులు. కైజర్ ఉత్తరంతో పాటు మన సంస్థానాధీశులకు అందజేయవలసిన ఉత్తరాలు కూడా వెంట ఉన్నాయి. ఇస్తాంబులులో తుర్కీ సుల్తానునూ, ఎన్వర్ పాషానూ కలిశారు. బాగ్దాదు మీదుగా పారశీకంలో ప్రవేశించి, బ్రిటిషు, రష్యన్ గస్తీ దళాల కన్నుగప్పి ఎడారి దాటారు. ఆగస్టులో హిరాత్, అక్టోబరు 2న కాబూలు చేరుకున్నారు.

కాబూలులో ప్రభుత్వం

అమీరు హబీబుల్లా ఖాన్ వీరిని బాబరు తోటలోని అతిథిగృహంలో దింపాడు. మర్యాదలకు లోటు లేదు. కాని బయట అడుగు పెట్టనివ్వలేదు. మూడు వారాలు గడిచినా దర్శనం దొరకలేదు. చివరకు నిరాహారదీక్ష చేస్తామన్న తరువాత గాని అక్టోబరు నెలాఖరులో పగ్మాన్‌లో సమావేశం జరగలేదు. ఇక్కడ మన కార్యాలయాల వారు నవ్వుకునే ఒక ముచ్చట ఉంది. కైజర్ ఉత్తరం చేతిరాతలో కాక టైపు చేసి ఉన్నందున అది నిజమైనదేనా అని అమీరుకు అనుమానం వచ్చింది. యుద్ధరంగంలో చక్రవర్తి దగ్గర ఉండేది టైపు మిషనేనని రాయబారులు సర్దిచెప్పుకోవలసి వచ్చింది. వచ్చినవారు మరీ కుర్రవాళ్ళని కూడా అమీరు పెదవి విరిచాడు.

అమీరు సంకటం అమీరుది. పాత ఒప్పందాల ప్రకారం అఫ్గానిస్తాన్ విదేశాంగ వ్యవహారాలు బ్రిటిషువారి చేతుల్లో ఉండేవి. అందుకు ప్రతిగా ఏటా 18 లక్షల రూపాయలు అమీరుకు ముట్టేవి. ఒక పక్క ఆ సొమ్ము, మరో పక్క రష్యా భయం. తమ్ముడు నస్రుల్లా ఖాన్, పత్రికా సంపాదకుడు మహమూద్ తర్జీ వంటివారు మనవైపు మొగ్గినా, అమీరు మాత్రం ఎవరికీ కాదనకుండా, ఎవరికీ ఔననకుండా కాలం గడిపాడు.

అటువంటి స్థితిలో 1915 డిసెంబరు 1న, తన 29 ఏళ్ళు నిండిన రోజున, మహేంద్ర ప్రతాప్ తాత్కాలిక భారత ప్రభుత్వాన్ని ప్రకటించారు. తాను అధ్యక్షుడు. మౌలవీ బర్కతుల్లా ప్రధానమంత్రి. దేవబంద్‌లో చదివిన మౌలానా ఉబైదుల్లా సింధీ హోం మంత్రి. ఈ ఉబైదుల్లా గారు సిక్కు కుటుంబంలో పుట్టి ఇస్లాం స్వీకరించిన పండితుడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో లాహోరు కాలేజీలు విడిచి సరిహద్దు దాటి వచ్చిన 15 మంది విద్యార్థులలో కొందరు దీనికి సిబ్బంది అయ్యారు. హిందూ అధ్యక్షుడు, ముస్లిం ప్రధాని, రాయబారిగా ఒక సిక్కు. ఈ కూర్పు ఎవరో చెబితే చేసింది కాదు, సహజంగా కుదిరింది.

గుర్తింపు అంటే ఏమిటి?

ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, బతికి ఉన్నట్లు కాగితం లేకపోతే పెన్షను ఆగిపోతుంది. రాజ్యాల సంగతీ దాదాపు అంతే. ఒక రాజ్యానికి స్థిరమైన జనం, నిర్ణీతమైన భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించే శక్తి ఉండాలని 1933లో మాంటెవిడియో ఒప్పందంలో రాసుకున్నారు. ఇవి ఉన్నా ఇతరులు గుర్తించకపోతే ఒప్పందాలు కుదరవు, అప్పు పుట్టదు, పాస్‌పోర్టు చెల్లదు, రాయబారికి రక్షణ ఉండదు.

కాబూలు ప్రభుత్వం చేతిలో ఒక్క ఊరు లేదు. ప్రజలు సరిహద్దుకు ఇవతల ఉన్నారు. ఖర్చులకు జర్మనీ డబ్బు, తలదాచుకోవడానికి అమీరు దయ. పైగా ఆశ్రయం ఇచ్చిన అమీరుకే విదేశాంగ విషయాల్లో స్వేచ్ఛ లేదు. తన కాగితమే మరొకరి సంతకానికి ఎదురుచూస్తుంటే, ఇతరుల కాగితం మీద ఆయన ఏమి సంతకం చేస్తాడు? 1916 జనవరి 24న జర్మనీతో ఒక ముసాయిదా ఒప్పందం మీద అమీరు సంతకం చేశాడు గాని, అందులో లక్ష తుపాకులు, 300 ఫిరంగులు, కోటి పౌనుల సొమ్ము అడిగాడు. యుద్ధంలో తలమునకలై, వేల మైళ్ళ దూరంలో ఉన్న జర్మనీ అవి పంపగలిగేది కాదు. అది అమీరుకూ తెలుసు. ఆ మే నెలలో హెంటిగ్ బృందం కాబూలు విడిచి వెళ్ళిపోయింది. మహేంద్ర ప్రతాప్ మాత్రం అక్కడే ఉండిపోయారు.

ఉత్తరాలు, రాయబారులు

సైన్యం లేదు కనుక ఆ ప్రభుత్వం నడిచిందంతా ఉత్తరాల మీదనే. రష్యా జారు చక్రవర్తికి బంగారు రేకు మీద చెక్కించిన లేఖ పంపారు. ఇంగ్లండుతో స్నేహం వదులుకొని భారతదేశానికి సాయపడమని అందులోని సారాంశం. దానిని తాష్కెంటు తీసుకువెళ్ళినవారిలో డాక్టర్ మథురా సింగ్ ఒకరు. రష్యా అప్పటికి ఇంగ్లండు పక్షాన యుద్ధం చేస్తోంది. లేఖకు ఫలితం లేకపోయింది. రాయబారులు ప్రాణాలతో తిరిగి వచ్చారు, అంతే.

రెండవసారి జపాను వెళ్ళడానికి రష్యా దారినే మథురా సింగ్‌నూ, అబ్దుల్ ఖాదిర్ అనే ఆయననూ పంపారు. ఈసారి రష్యన్లు పట్టుకొని బ్రిటిషువారికి అప్పగించారు. గుర్తింపు పొందిన దేశపు రాయబారి అయితే మహా అయితే వెనక్కి పంపేవారు. గుర్తింపు లేని ప్రభుత్వపు రాయబారి కనుక ఆయన కేవలం రాజద్రోహి అయ్యాడు. 1917 మార్చిలో లాహోరు జైలులో మథురా సింగ్‌ను ఉరితీశారు. ఈ వ్యాసం రాస్తున్నప్పుడు నన్ను ఎక్కువగా ఆపింది ఈ ఘట్టమే. మనం ఎన్నోసార్లు ఒక కవరు మీద ముద్ర వేసి బంట్రోతు చేతికిచ్చి పంపాం. ఆ కవరు తీసుకువెళ్ళినందుకు మనిషి ప్రాణం పోవడమంటే ఏమిటో ఊహించుకోండి.

తుర్కీకి పంపిన మరో ఇద్దరు దారిలో పారశీకంలో దొరికిపోయారు. 1916 జూలైలో ఉబైదుల్లా గారు హిజాజ్‌లో ఉన్న తన గురువు మౌలానా మహమూద్ హసన్ గారికి కాబూలు విశేషాలన్నీ పసుపుపచ్చ పట్టుగుడ్డ మీద రాసి పంపారు. గుడ్డ అయితే అంగీ లోపల కుట్టుకోవచ్చు, తడిమినా చప్పుడు కాదు. కాని దానిని తెస్తున్న మనిషి ముల్తానులో ఒక ఖాన్ బహదూర్‌కు చూపించడం, ఆయన దానిని కమిషనరుకు అందజేయడం జరిగిపోయాయి. దేశమంతటా అరెస్టులు జరిగాయి. మహమూద్ హసన్ గారిని పట్టుకొని మాల్టా ద్వీపంలో 1920 దాకా నిర్బంధించారు. చరిత్రలో పట్టు ఉత్తరాల కుట్ర అంటే ఇదే.

1918లో రౌలట్ కమిటీ తన నివేదికలో కాబూలు ప్రభుత్వాన్నీ, ఈ పట్టు ఉత్తరాలనూ వివరంగా రాసింది. ఆ నివేదిక మీద వచ్చినదే రౌలట్ చట్టం, దాని మీద లేచినదే 1919 సత్యాగ్రహం. ఏ మిత్రదేశం చేతా గుర్తింపు పొందని ప్రభుత్వానికి శత్రువు మాత్రం పెద్ద ఫైలే తెరిచాడు.

ప్రభుత్వం ముగిసిన తీరు

రష్యా విప్లవంతో దారులు తెరుచుకున్నాయి. 1918లో మహేంద్ర ప్రతాప్ పెట్రోగ్రాడులో ట్రాట్‌స్కీని, తిరిగి బెర్లినులో కైజర్‌ను కలిశారు. కొద్ది నెలల్లోనే జర్మనీ ఓడిపోయింది. 1919లో బర్కతుల్లా తదితరులతో కలిసి మాస్కోలో లెనిన్‌ను కలుసుకున్నారు. తన ప్రేమధర్మం పుస్తకాన్ని ఇవ్వగా, లెనిన్ దానిని టాల్‌స్టాయ్ మార్గంగా ఎంచి, దానితో విముక్తి రాదని అభిప్రాయపడినట్లు మహేంద్ర ప్రతాపే రాసుకున్నారు.

ఇటు 1919 ఫిబ్రవరిలో హబీబుల్లా హత్యకు గురయ్యాడు. కుమారుడు అమానుల్లా గద్దెనెక్కి మే నెలలో బ్రిటిషువారిపై యుద్ధం ప్రకటించాడు. ఆగస్టు 8న రావల్పిండి ఒప్పందంతో అఫ్గానిస్తాన్ విదేశాంగ స్వేచ్ఛ సంపాదించుకుంది. మనవారికి ఇక మంచి రోజులే అనిపించింది. జరిగింది వేరు. తన గుర్తింపు తాను దక్కించుకున్న దేశం, పొరుగుతో సంధి కోసం అతిథుల చురుకుదనాన్ని తగ్గించింది. 1921 నవంబరులో బ్రిటిషువారితో కొత్త ఒప్పందం కుదిరింది. 1922లో ఉబైదుల్లా కాబూలు విడిచారు. తాత్కాలిక ప్రభుత్వం ఏ ప్రకటనా లేకుండా మెల్లగా కనుమరుగైంది.

ముప్పై రెండేళ్ళ ప్రవాసం

బ్రిటిషు ప్రభుత్వం మహేంద్ర ప్రతాప్ ఆస్తులను జప్తు చేసింది. ఆ ఆస్తుల కోసమే 1923లో ఆయన పేరుతో ప్రత్యేక చట్టం చేసింది. 1925లో బల్వీర్ కౌర్ గారు కన్నుమూశారు. 1914లో భర్తను సాగనంపిన ఆ ఇల్లాలు మళ్ళీ ఆయనను చూడలేదు. మంత్రి పదవుల జాబితాలో ఆమె పేరు ఎక్కడా కనబడదు గాని, ఆ ప్రభుత్వం ఖర్చులో పెద్ద భాగం ఆమె చెల్లించిందనే నా అభిప్రాయం. మన ఇళ్ళలో బదిలీల కాలమంతా పిల్లలను సాకిన స్త్రీలకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

అఫ్గాన్ పాస్‌పోర్టు మీద ఆయన చైనా, జపాను, అమెరికా, ఐరోపా తిరిగారు. మూడు మతాలూ కలిసేటట్లు పీటర్ పీర్ ప్రతాప్ అని పేరు పెట్టుకున్నారు. 1927లో బర్కతుల్లా శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. 1929లో ప్రపంచ సమాఖ్య ఆశయంతో పత్రిక ప్రారంభించారు. 1932లో నోబెల్ శాంతి బహుమతికి ఆయన పేరు ప్రతిపాదించబడింది. 1940లో జపానులో భారత కార్యవర్గం అనే సంస్థ నెలకొల్పారు. యుద్ధం ముగిశాక అమెరికన్లు ఆయనను జపానులో నిర్బంధించి 1946లో విడుదల చేశారు.

1946 ఆగస్టు 9న సిటీ ఆఫ్ ప్యారిస్ అనే ఓడలో ఆయన మన మద్రాసు రేవులో దిగారు. 28 ఏళ్ళ యువకుడిగా వెళ్ళి 59 ఏళ్ళ వయసులో తిరిగి వచ్చారు. మనం రిటైరయ్యే వయసు అది. ఆయన నేరుగా వార్ధా వెళ్ళి గాంధీగారిని దర్శించారు. 1957లో మథుర నుండి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ పోటీలో ధరావతు కోల్పోయినవారిలో అటల్ బిహారీ వాజపేయి గారు ఒకరు. ఆ ఏడు వాజపేయి గారు బలరాంపూర్ నుండి గెలిచి సభకు వచ్చారనుకోండి. ఆస్తుల జప్తుకు సంబంధించిన 1923 నాటి చట్టం 1960లో మాత్రమే రద్దయింది. స్వరాజ్యం వచ్చిన 13 ఏళ్ళకు! ఫైళ్ళు కదిలే వేగం తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

1979 ఏప్రిల్ 29న ఆయన 92 ఏళ్ళ వయసులో మరణించారు. ఆ ఆగస్టు 15న ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడింది. 2021 సెప్టెంబరులో అలీగఢ్‌లో ఆయన పేరుతో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగింది. భోపాల్ విశ్వవిద్యాలయానికి 1988లోనే బర్కతుల్లా గారి పేరు పెట్టారు. అధ్యక్షుడికీ, ప్రధానికీ ఇలా గుర్తింపు దక్కింది.

ఆ ప్రయత్నం వల్ల ఏమి ఒరిగింది?

ఈ ప్రశ్న పిల్లలు తప్పక అడుగుతారు. యుద్ధంలో గెలవలేదు, అంగుళం నేల విడిపించలేదు. జర్మనీ మన మీద ప్రేమతో కాక తన అవసరం కొద్దీ సాయం చేసిందన్నదీ నిజమే. పరాయి బలం మీద ఆనుకున్న ప్రభుత్వం ఆ బలం పోగానే కూలుతుందని ఈ కథ స్పష్టంగా చెబుతుంది.

అయినా ఒక సంగతి మరువరాదు. అప్పటికి కాంగ్రెసు పూర్ణ స్వరాజ్యం అడగడానికి ఇంకా 14 ఏళ్ళు ఉంది. తెల్లదొరలు తప్ప ఈ దేశాన్ని పాలించేవారు లేరని చదువుకున్నవారు కూడా నమ్ముతున్న కాలంలో, మనకూ అధ్యక్షుడు, మంత్రులు, రాయబారులు ఉండవచ్చునని కాగితం మీద రాసి చూపించారు. 1941లో నేతాజీ తప్పించుకొని బెర్లిను వెళ్ళింది ఆ కాబూలు దారినే. 1943 అక్టోబరు 21న సింగపూరులో ఆయన ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు జపాను, జర్మనీ, ఇటలీ వంటి దేశాలు గుర్తించాయి. 28 ఏళ్ళ ముందు మహేంద్ర ప్రతాప్‌కు ఆ మాత్రం కూడా దొరకలేదు.

మథురా సింగ్ వంటివారి పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో అరుదు. డిసెంబరు సమావేశంలో మన జెండా ఎగురవేసేటప్పుడు ఆ పేరు కూడా ఒకసారి చదవాలని కార్యదర్శి గారికి నా విన్నపం. ఇంట్లో మనవలు పోటీపరీక్షలకు చదువుతుంటే ఈ వ్యాసం వారి చేతికి ఇవ్వండి. తొలి తాత్కాలిక భారత ప్రభుత్వం ఎప్పుడు, ఎక్కడ ఏర్పడిందన్న ప్రశ్నకు జవాబు వారికి పనికివస్తుంది. మనవలతో పాటు మీరూ చదవగలరు.



– ఒక విశ్రాంత గుమాస్తా